షవర్ నీళ్లు ఒకసారి మంచులా, ఒకసారి సలసల కాగుతూ వస్తున్నాయి: థర్మోస్టాట్ మిక్సర్ పెట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నక్కలగుట్ట నివాసి, హనుమకొండ

నమస్కారం. మాది హనుమకొండలో కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లున్న ఇల్లు. స్లాబు మీద 200 లీటర్ల సోలార్ హీటరు, దానికంటే కొంచెం ఎత్తుగా దిమ్మెల మీద 1,000 లీటర్ల చన్నీళ్ల ట్యాంకు ఉన్నాయి. పై పోర్షన్ షవర్‌లో ధార చాలడం లేదని పిల్లలు గోల పెడితే కిందటేడు చన్నీళ్ల లైనుకు ప్రెషర్ పంపు పెట్టించాను. అప్పటి నుంచి కింది బాత్రూములో నీళ్ల వేడి నిలకడగా ఉండడం లేదు. వంటింట్లో నల్లా తిప్పితే షవర్ నీళ్లు చల్లబడుతున్నాయి, కట్టేస్తే మళ్లీ వేడెక్కుతున్నాయి.

అసలు భయం మా అమ్మ గురించి. ఆమెకు 76 ఏళ్లు. స్టూలు మీద కూర్చొని హ్యాండ్ షవర్‌తో స్నానం చేస్తుంది. పోయిన వారం ఆమె స్నానం మధ్యలో కరెంటు పోయింది. కేక విని తలుపు కొట్టేసరికి భుజం మీద అరచేతి వెడల్పున ఎర్రగా కందిపోయి ఉంది. బొబ్బ రాలేదు, అంతవరకు నయం. కానీ మరునాటి నుంచి ఆమె షవర్ ముట్టుకోకుండా బకెట్లో నీళ్లు కలుపుకొని ముంతతో పోసుకుంటోంది, వంగి లేవడం చేతకాకపోయినా సరే.

మా ప్లంబర్ థర్మోస్టాట్ ఉన్న మిక్సర్ పెట్టించుకొమ్మని చెప్పాడు. మామూలు మిక్సర్ ధరకు అది ఎన్నో రెట్లు ఉంది. డబ్బు పెట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. బ్యాటరీ, కరెంటు ఏమీ లేకుండా నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆ పరికరానికి ఎలా తెలుస్తుంది? బోరు నీళ్ల వల్ల నల్లాల మూతికి తెల్లటి పొర కట్టే మా ఇంట్లో అది ఎన్నాళ్లు పనిచేస్తుంది?

జవాబు: పాలిటెక్నిక్ సార్, కాజీపేట

మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కాబట్టి మొదటి ప్రశ్నకు నేను జవాబిస్తాను, పైపుల సంగతి ఆ పనివాళ్లు చెబుతారు.

ముందు లెక్క చూద్దాం. సోలార్ నుంచి 65 డిగ్రీల నీరు, ట్యాంకు నుంచి 25 డిగ్రీల నీరు వస్తున్నాయనుకుంటే, 40 డిగ్రీల నీరు కావాలంటే వేడివి 3 పాళ్లు, చల్లటివి 5 పాళ్లు కలవాలి. వేడినీరు తాను 25 డిగ్రీలు దిగుతూ ఇచ్చే వేడిని, చన్నీరు తాను 15 డిగ్రీలు ఎక్కడానికి తీసుకుంటుంది కాబట్టి పాళ్లు ఈ తేడాలకు తిరగబడి ఉంటాయి. అదే చలికాలం పొద్దున ట్యాంకు నీరు 18, సోలార్ నీరు 55 ఉన్నప్పుడు లెక్క తారుమారై దాదాపు 3 పాళ్ల వేడికి 2 పాళ్ల చన్నీరే సరిపోతుంది. అంటే పాళ్లు ఏ రోజుకు ఆ రోజు, ఒక్కోసారి ఏ నిమిషానికి ఆ నిమిషం మారాలి. మీ అమ్మగారు బకెట్లో చెయ్యి పెట్టి చూసి, వేడి ఎక్కువైతే ఇంకో చెంబు చన్నీళ్లు పోస్తున్నారు కదా, సరిగ్గా ఆ పనినే థర్మోస్టాట్ మిక్సర్‌లోని వాల్వు తన లోపల చేస్తుంది. మామూలు మిక్సర్‌కు ఆ చెయ్యి లేదు. మీరు తిప్పిపెట్టిన చోటే అది ఉండిపోతుంది.

ఆ చెయ్యి మైనంతో చేసింది. వేలి కొస అంత రాగి గుళికలో ఒక రకం మైనాన్ని నింపి, దాని మూతికి రబ్బరు పొర బిగించి, పొర మీద చిన్న కడ్డీని నిలబెడతారు. మైనం కరిగేటప్పుడు ఉబ్బుతుంది. ఉబ్బిన మైనానికి పోవడానికి వేరే దారి లేక పొరను, పొర కడ్డీని బయటికి నెడతాయి. మైనంలోకి వేడి తొందరగా దిగదు కాబట్టి దానిలో రాగి పొడి కలుపుతారు. స్నానపు నీటి వేడి దగ్గర ఒక్కసారిగా కాక కొన్ని డిగ్రీల మేర మెల్లమెల్లగా కరిగేలా ఆ మైనాన్ని తయారు చేస్తారు. గుళిక ఉండేది వేడినీటి దారిలో కాదు, చన్నీటి దారిలోనూ కాదు, రెండూ కలిసి బయటికి పోయే దారిలో. కలిసిన నీరు కాస్త వేడెక్కితే కడ్డీ ముందుకు జరిగి, దానికి తగిలించిన తొడుగు వేడినీటి సందును మూస్తూ చన్నీటి సందును తెరుస్తుంది. నీరు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, ఎదురుగా ఉన్న స్ప్రింగు తొడుగును వెనక్కి తోస్తుంది. ఈ జరుగుడంతా మిల్లీమీటరు లెక్కలో ఉంటుంది. మీరు పైన తిప్పే పిడి గుళిక ఉండే చోటును కాస్త ముందుకో వెనక్కో మారుస్తుంది, అంతే.

లారీ ఇంజను థర్మోస్టాట్‌ను విప్పి చూసినవారికి ఇదంతా కొత్త కాదు. రేడియేటరుకు నీళ్లు వదిలే ఆ థర్మోస్టాట్‌లోనూ ఇలాంటి మైనపు గుళికే ఉంటుంది, 82 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటుంది. 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నే అనే ఆయన మోటారు బండ్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది, తరువాత స్నానాల గదికి వచ్చింది.

కొట్లో ప్రెషర్ బ్యాలెన్సింగ్ వాల్వు అని ఇంకొకటి చూపిస్తారు. దానికి వేడి సంగతి తెలియదు. ఒక లైనులో ఒత్తిడి పడిపోతే రెండో లైనును కూడా అంతకు తగ్గించడం ఒక్కటే దాని పని. వంటింటి నల్లా వల్ల వచ్చే తేడాను అది ఆపుతుంది గానీ సోలార్ నీరు 65 నుంచి 50కి దిగితే దానికి పట్టదు. మీకు థర్మోస్టాట్ రకమే సరైనది. ఒత్తిడి తేడాలను కూడా అదే చూసుకుంటుంది కాబట్టి ధైర్యంగా పెట్టించండి.

జవాబు: పైపుల కాంట్రాక్టరు, కరీంనగర్

సార్ చెప్పిన చివరి మాటకు నేను తరువాత వస్తాను. ముందు నక్కలగుట్ట అన్నగారు రెండు సంగతులు చూసి చెప్పాలి. రాత్రిపూట ఇంట్లో ఎవరూ నల్లా తిప్పకపోయినా పంపు దానంతట అదే నడుస్తోందా? సోలార్ ట్యాంకు మీద గాలి పోవడానికి నిలువుగా ఉండే వెంట్ పైపు నుంచి నీళ్లు కారుతున్నాయా?

నక్కలగుట్ట నివాసి

పైకి ఎక్కి చూసి రాస్తున్నాను. రాత్రి పంపు నడవడం నిజమే. రెండుసార్లు మెకానిక్‌ను పిలిచి స్విచ్ మార్పించాను, తగ్గలేదు. వెంట్ పైపు కింద స్లాబు మీద చాప వెడల్పున నాచు పట్టి ఉంది. అది వాన నీళ్ల వల్ల అనుకున్నాను. ఈ రెండింటికీ షవర్‌కూ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

జవాబు: పైపుల కాంట్రాక్టరు, కరీంనగర్

సంబంధం ఉంది. మీ పంపు చన్నీళ్లను మిక్సర్ గుండా వేడినీళ్ల పైపులోకి ఎక్కించి, సోలార్ ట్యాంకు దాకా తోసి, వెంట్ పైపు నుంచి స్లాబు మీద పారబోస్తోంది. అందుకే నల్లాలన్నీ కట్టి ఉన్నా అది నడుస్తోంది. స్విచ్ తప్పేమీ లేదు.

మీ చన్నీళ్ల ట్యాంకులో నీటిమట్టం కింది షవర్ కంటే దాదాపు 6 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటున్నాను. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి చొప్పున అది 0.6 బార్. సోలార్ ట్యాంకు కూడా ఆ చన్నీళ్ల ట్యాంకు నుంచే నిండుతుంది కాబట్టి వేడి లైనులో ఒత్తిడి కూడా 0.6 బారే. పంపు లేనప్పుడు రెండూ సమానంగా ఉండేవి, అందుకే ఇన్నేళ్లు మామూలు మిక్సర్‌తోనే గడిచింది. పంపు దాని మీద ఇంకో 1.2 బార్ వేస్తే చన్నీళ్ల వైపు 1.8 అవుతుంది, అంటే వేడి వైపుకు మూడు రెట్లు. ఒత్తిడి మూడింతలైతే అదే సందులోంచి పారే నీరు మూడింతలు కాదు, మూడు వర్గమూలం చొప్పున 1.7 రెట్లు అవుతుంది. అమ్మగారు పంపు నడుస్తుండగా 40 డిగ్రీలకు సరిచూసి పెట్టుకున్నారు. కరెంటు పోగానే చన్నీళ్ల వైపు ఆ 1.7 రెట్లు పోయాయి. సార్ ఇచ్చిన 65, 25 డిగ్రీలతోనే లెక్క వేస్తే షవర్ నీరు 45 డిగ్రీలు దాటుతుంది. ఎండ బాగా కాసి సోలార్ నీరు 75, 80 ఉన్న రోజైతే ఇంకా పైకి పోతుంది.

దీనికి తోడు హ్యాండ్ షవర్ ఉంది. మిక్సర్ తెరిచే ఉంచి, సబ్బు రుద్దుకునేటప్పుడు చేతి దగ్గర మీట వదిలేస్తే బయటికి పోయే దారి మూసుకుపోతుంది గానీ లోపల వేడి, చల్లటి దారులు ఒకదానికొకటి తెరిచే ఉంటాయి. 1.8 బార్ ఉన్న వైపు నుంచి 0.6 ఉన్న వైపుకు నీళ్లు పోక ఏమవుతాయి? వేడి పైపంతా చన్నీళ్లతో నిండుతుంది. మళ్లీ మీట నొక్కితే మొదట చన్నీళ్లే వస్తాయి, వేడి చాలడం లేదని పిడి ఇంకా తిప్పుతారు, సోలార్ నుంచి అసలు వేడినీళ్లు దిగేసరికి చుర్రుమంటుంది.

ఇక సార్ మాట. థర్మోస్టాట్ మిక్సర్ ఒత్తిడి తేడాను కొంతవరకు సర్దుకుంటుంది, నిజమే. దాని రెండు మూతుల్లోనూ నాన్‌రిటర్న్ వాల్వులు ఉంటాయి కాబట్టి నీళ్లు వెనక్కి ఎక్కడం కూడా ఆగుతుంది. కానీ లోపలి ఒత్తిడి 0.6 కంటే తక్కువగా ఉంటే తప్ప వేడినీళ్లు లోపలికి రాలేవు, కాబట్టి అది చన్నీళ్ల సందును గొంతు నొక్కినట్టు నొక్కిపట్టాల్సి వస్తుంది. ధార చివరికి వేడి లైను బలానికే దిగుతుంది. అలాంటప్పుడు ఆ బాత్రూముకు పంపు పెట్టి సాధించింది ఏమిటి? పంపు ఆగి ఆగి నడిచే ప్రతిసారీ మైనం కరగడానికో గడ్డకట్టడానికో రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ సెకన్లు అమ్మగారి ఒంటి మీదే గడుస్తాయి. కంపెనీ వాళ్లు కూడా కాగితంలో రెండు లైన్ల ఒత్తిళ్లకు ఇంతకు మించి తేడా ఉండకూడదని రాస్తారు, కొన్నిటికి 2:1, కొన్నిటికి 5:1. మీది 3:1.

కాబట్టి ముందు పైపు, తరువాత మిక్సర్. ట్యాంకుకు వేరే రంధ్రం వేయించి, అక్కడి నుంచి కింది బాత్రూముకు పంపుతో సంబంధం లేకుండా ఒక అంగుళం పైపు నేరుగా దించండి. ఒకే ట్యాంకు, ఒకే మట్టం కాబట్టి రెండు వైపులా 0.6 బార్ వస్తుంది, కరెంటు ఉన్నా పోయినా అదే. పై బాత్రూముకు పంపు ఉండనివ్వండి గానీ దాని వేడి లైనుకు నాన్‌రిటర్న్ వాల్వు తప్పనిసరి. స్ప్రింగు ఉన్నది తీసుకోకండి, ఇంత తక్కువ ఒత్తిడిలో స్ప్రింగు దానికదే అడ్డం అవుతుంది. లోపల రెక్క ఊగే స్వింగ్ రకం తీసుకొని పడుకోబెట్టి బిగించండి. సోలార్ ట్యాంకుకే పంపు పెడితే పోదా అని ఎవరైనా అంటే వినకండి, వెంట్ ఉన్న ట్యాంకు ఒత్తిడికి తట్టుకునేది కాదు.

మిక్సర్ కొనేటప్పుడు కనీసం ఎంత ఒత్తిడి కావాలో చూడండి. ఐరోపాలో వీటికి రెండు వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి, ఎక్కువ ఒత్తిడికి ఈఎన్ 1111, తక్కువ ఒత్తిడికి ఈఎన్ 1287. చాలా షోరూముల్లో అద్దాల వెనక మెరిసేవి మొదటి రకం. ఒక బార్ కావాలని రాసి ఉన్నది తెచ్చి 0.6కు బిగించి, తరువాత ప్లంబర్‌ను తిట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ వైపు వేడి, కుడి వైపు చల్లటిది ఉండాలి. మామూలు మిక్సర్‌లో తారుమారైతే పిడి అటు తిప్పుకుంటాము, దీనిలో తారుమారైతే అసలు పనిచేయదు.

జవాబు: వార్డు సిస్టర్, వరంగల్

కాలిన గాయాల వార్డులో పనిచేస్తున్నాను కాబట్టి ఒక్క మాట. 45 డిగ్రీలంటే తక్కువే కదా అని ఎవరూ అనుకోవద్దు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం 44 డిగ్రీల వేడి చర్మాన్ని శాశ్వతంగా పాడుచేయాలంటే 6 గంటలు తగలాలి, 60 డిగ్రీలైతే 5 సెకన్లు చాలు. వేడి కొద్దిగా పెరిగితే సమయం ఎంతగా పడిపోతుందో చూడండి. అది కూడా నడివయసు ఆరోగ్యవంతుల చర్మానికి. పసిపిల్లలకు, ముసలివాళ్లకు చర్మం పలచన. షుగరు ఉన్నవాళ్లకు కాళ్లలో స్పర్శ తగ్గి, కాలుతున్న సంగతి తెలియనే తెలియదు. బ్రిటన్‌లో ఇలాంటి వాల్వులను షవర్‌కు 41, తొట్టిస్నానానికి 44 డిగ్రీలు దాటకుండా బిగించమంటారు. అమ్మగారికి 39 చాలు.

అలాగని భయపడి గీజరును 45కు తగ్గించి పెట్టుకోవడం కూడా మంచిది కాదు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీటిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిలవ నీరు 60లో ఉండాలి, ఒంటి మీద పడే నీరు 40లో ఉండాలి. ఈ రెండూ కుదరాలంటే మధ్యలో కలిపే వాల్వు కావాలి, అదీ షవర్‌కు వీలైనంత దగ్గరలో. ఇంకోసారి అమ్మగారికి నీళ్లు కాలితే మామూలు నల్లా నీళ్ల కింద 20 నిమిషాలు పట్టి ఉంచండి. పేస్టు, సిరా, ఐసు వద్దు.

పాలిటెక్నిక్ సార్, కాజీపేట

కాంట్రాక్టరు గారు సవరించింది సరైనదే. ఒత్తిడి తేడాను వాల్వు చూసుకుంటుందని నేను తరగతి గదిలో చెప్పినట్టు చెప్పాను. అక్కడ రెండు పైపులూ ఎప్పుడూ ఒకే ట్యాంకు నుంచి వస్తాయి.

ఒక పరీక్ష మాత్రం కలుపుతాను. మిక్సర్ బిగించిన రోజే చన్నీళ్ల యాంగిల్ కాక్‌ను (గోడ దగ్గర ఆ పైపును మూసే చిన్న నల్లాను) పూర్తిగా కట్టేసి చూడండి. చన్నీళ్లు అందకపోతే గుళిక వేడెక్కి, కొన్ని సెకన్లలో వేడినీళ్లను కూడా ఆపేయాలి. ఆగకపోతే ఆ వాల్వును అప్పుడే వెనక్కి ఇచ్చేయండి. వేసవిలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి. మే నెల మధ్యాహ్నం మన స్లాబుల మీది ట్యాంకు నీరే 40 దాటుతుంది, రెండు వేడినీళ్లను కలిపి చల్లబరచడం ఏ వాల్వుకూ చేతకాదు.

నక్కలగుట్ట నివాసి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే ట్యాంకు నుంచి విడిగా పైపు దించాము. పనికి ముందు, తరువాత 10 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూశాను. ముందు చన్నీళ్లు 40 సెకన్లలో నిండేవి, వేడినీళ్లకు 70 పట్టేది. ఇప్పుడు చన్నీళ్లకు 62, వేడినీళ్లకు అదే 70. పాత మిక్సర్‌తోనే తేడా దాదాపు ముప్పావు వంతు పోయింది. తరువాత తక్కువ ఒత్తిడికి పనికొచ్చే థర్మోస్టాట్ మిక్సర్ తెప్పించి బిగించాము. 38 డిగ్రీల దగ్గర ఒక ఎర్ర బొత్తాం ఉంది, దాన్ని నొక్కితే తప్ప పిడి వేడి వైపు తిరగదు. సార్ చెప్పిన పరీక్షలో నీళ్లు మూడు సెకన్లలో చుక్కలకు తగ్గి ఆగిపోయాయి. మెయిన్ ఆపేసి చూశాను, వంటింటి నల్లా తిప్పి చూశాను, షవర్ కింద పెట్టిన థర్మామీటరు 39కీ 40కీ మధ్యే నిలిచింది. అమ్మ మొదటి రెండు రోజులు ముందు చెయ్యి పెట్టి చూసుకొని, తరువాత స్టూలు జరుపుకొని మళ్లీ షవర్ కిందికి వచ్చింది. వెంట్ పైపు కింద నాచు ఎండి పెచ్చులు లేస్తోంది.

ఒక సందేహం మిగిలింది. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు సోలార్ నీరు 44 డిగ్రీలే ఉంది. మిక్సర్ నుంచి ధార సన్నగా, 40 కంటే చల్లగా వచ్చింది. చెడిపోయిందా?

పాలిటెక్నిక్ సార్, కాజీపేట

చెడిపోలేదు. వచ్చే వేడినీరు మీకు కావలసిన దానికంటే కనీసం 10 డిగ్రీలు ఎక్కువ ఉండాలని వీటికి సాధారణంగా చెబుతారు. 44 డిగ్రీల నీటిని 40కి దించాలంటే చన్నీటి సందు వెంట్రుక వాసి తెరిస్తే చాలు, అంత సన్నటి పని ఆ తొడుగుకు సరిగ్గా రాదు. పైగా పైపులో నిలిచి చల్లారిన నీరు, దాదాపు మూడు లీటర్లు, ముందు రావాలి. ముసురు రోజుల్లో సోలార్ ట్యాంకులోని కరెంటు కాయిల్‌ను స్నానానికి బాగా ముందే వేసి 60కి తీసుకురండి.

పైపుల కాంట్రాక్టరు, కరీంనగర్

ధార సన్నబడిందంటే జల్లెడలు కూడా చూడండి. కొత్త పైపు వేసిన తరువాత మొదటి నెలలో పీవీసీ రజను, ట్యాంకు అడుగు మట్టి అన్నీ మిక్సర్ మూతుల్లోని జల్లెడల్లోనే చేరతాయి. రెండు యాంగిల్ కాక్‌లూ కట్టి, నట్లు విప్పి, పాత పళ్ల బ్రష్షుతో కడిగితే పోతుంది. బోరు నీళ్ల తెల్లపొర గురించి మొదట అడిగారు. నెలకోసారి పిడిని ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు తిప్పితే తొడుగు పట్టేయదు. ఏడాదికోసారి లోపలి కార్ట్రిడ్జ్‌ను (మైనపు గుళిక, తొడుగు ఉండే భాగాన్ని) తీసి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి కడగాలి. యాసిడ్ మాత్రం వాడకండి, రబ్బరు వాషర్లు తినేస్తుంది. మున్సిపల్ నల్లా నీళ్లు వచ్చే రోజున ఆ నీళ్లనే పైట్యాంకుకు ఎక్కించుకోగలిగితే ఈ పని రెండేళ్లకోసారి సరిపోతుంది.